ఆగిన వ్యాయామం – అలసిన గుండె

మణికట్టు మీద, బొటనవేలి వైపున, మూడు వేళ్ళు ఆనించి మీ నాడిని ఒక నిమిషం లెక్కపెట్టండి. 72 సార్లు కొట్టుకుందనుకుందాం. అంటే రోజుకు 1,03,680 సార్లన్నమాట! మిగతా కండరాలకు దొరికే సెలవు గుండెకు లేదు. మరి ఆ గుండెకే దెబ్బ తగిలితే?

గుండెపోటు తరువాత

గుండె గదుల నిండా రక్తం ఉన్నా, గుండె కండరానికి ఆహారం అందించేవి వేరే నాళాలు. వీటిని హృదయ ధమనులు అంటారు. పంటకాలువ పూడితే చివరి చేనుకు నీరందదని కోనసీమ పిల్లలకు చెప్పనక్కరలేదు గదా! అలాగే ఒక ధమని మూసుకుపోతే ప్రాణవాయువు అందక కొంత కండరం చచ్చిపోతుంది. అక్కడ మచ్చ ఏర్పడుతుంది. మచ్చ ముడుచుకోలేదు కనుక, మిగిలిన కండరమే బరువంతా మోయాలి.

పూర్వం ఇలాంటి రోగులను వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1950ల తొలి ఏళ్ళలో అమెరికా వైద్యులు లెవైన్, లౌన్ వారిని కుర్చీలో కూర్చోబెట్టి చూశారు. కీడు జరగలేదు సరికదా, మేలే కనిపించింది. నేడు డాక్టరు పర్యవేక్షణలో నడక, తేలికపాటి వ్యాయామం, తగిన ఆహారం, మందులు, పొగ మానడం, ధైర్యం చెప్పడం – వీటన్నిటినీ కలిపి 'హృదయ పునరావాసం' అంటున్నారు. ఇది సాధారణంగా రెండు మూడు నెలలు సాగుతుంది.

దీనివల్ల లాభమేమిటి? కాళ్ళ కండరాలు రక్తంలోని ప్రాణవాయువును మరింత బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. అప్పుడు అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. నిమిషానికి పది దెబ్బలు తగ్గినా రోజుకు 14,400 దెబ్బల శ్రమ ఆదా!

మధ్యలో ఆపేస్తే?

1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులను మూడు వారాలు మంచం మీదనే ఉంచారు. శరీరం ప్రాణవాయువును వాడుకోగల గరిష్ఠ శక్తి వారిలో నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది! ముప్పై ఏళ్ళ తరువాత వారినే మళ్ళీ పరీక్షించారు. ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టంకన్నా ఆ మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది. కుర్రవాళ్ళకే ఇలా అయితే, దెబ్బతిన్న గుండె మాటేమిటి?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సులు మళ్ళీ కదిలింది మే 21న. మామిడికుదురు మండలంలోని నగరం వంటి ఊళ్ళనుంచి కాకినాడకో, రాజమహేంద్రవరానికో వెళ్ళి చూపించుకోవలసిన వారికి దారి మూసుకుపోయింది. ఇది మన ఒక్క ప్రాంతపు కథ కాదు. ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేలో దాదాపు మూడింట రెండు వంతుల దేశాలు తమ పునరావాస సేవలకు అంతరాయం కలిగిందని చెప్పాయి.

గోదావరి పల్లెలకు ఈ విషయం చిన్నది కాదు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలలో 2003-04లో ఒక ఏడాదిపాటు జరిగిన 1,354 మరణాలను పరిశోధకులు పరిశీలించారు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే!

ఇల్లే వ్యాయామశాల

పోయిన శక్తి తిరిగి రాదా? వస్తుంది. డల్లాస్ యువకులు శిక్షణతో కోలుకున్నారు. మన దేశంలో 24 ఆసుపత్రులలో 3,959 మంది గుండెపోటు రోగులపై యోగా పునరావాసాన్ని పరీక్షించారు. 2020లో ఫలితాలు వెలువడ్డాయి. మరణాలు, మళ్ళీ వచ్చే గుండెపోట్లు తగ్గాయని కచ్చితంగా తేలలేదు గాని, యోగా చేసినవారు తమ రోజువారీ పనులకు మరింత బాగా మళ్ళగలిగారు. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఇంట్లోనూ సాధన చేయవచ్చు. 2020 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో 14410 నంబరుతో ఫోనులో వైద్య సలహా ఇచ్చే ఏర్పాటు కూడా మొదలైంది.

మీ తాతగారికో, నాయనమ్మకో గుండెజబ్బు ఉందా? ఎంత నడవాలో డాక్టరును అడిగి, రోజూ వారితోపాటు నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, మాటకు ఊపిరి చాలకపోతే వేగం ఎక్కువైందని గుర్తు. కొన్ని మందులు నాడిని నెమ్మది చేస్తాయి కనుక, నాడి ఒక్కటే చూసి నిర్ణయించరాదు. మందులు మానరాదు. ఛాతీలో నొప్పి, బరువు, చెమటలు కనిపిస్తే నడక ఆపించి వెంటనే 108కి ఫోను చేయాలి. లాక్‌డౌన్ నెలల్లో గుండెపోటుతో ఆసుపత్రులలో చేరినవారు బాగా తగ్గారు. జబ్బు తగ్గి కాదు, భయంతోనూ ప్రయాణం కుదరకా ఎందరో ఇళ్ళలోనే ఉండిపోయారని వైద్యుల అభిప్రాయం. రోడ్లు మూసినా, అంటురోగం వచ్చినా, గుండె మాత్రం పని ఆపదు. దాని వైద్యమూ ఆగకూడదు.