తుపాకీకి నూనె పెట్టేముందు తూటా చూడండి

ఎన్నికలు వచ్చాయంటే పల్లెల్లోని లైసెన్సు తుపాకులు చాలావరకు ఠాణాకు చేరతాయి. ఫలితాలు వెలువడ్డాక ఇంటికి తెచ్చుకుని సంచి విప్పితే గొట్టం మీద ఎర్రటి తుప్పు! ఆసామి చేయి వెంటనే నూనె సీసా మీదికి పోతుంది. పోవలసింది అక్కడికి కాదు.

ముందు లోపల తూటా ఉందేమో చూడాలి. 12 బోరు తుపాకీ మూతిని మనుషులు లేని వైపు నేలకు వంచి, పైనున్న మీట పక్కకు నెడితే నడుము దగ్గర వంగి తెరుచుకుంటుంది. రెండు గొట్టాలదైతే రెండింటినీ చూడాలి. చీకటిగా ఉంటే వేలు పెట్టి తడమాలి. 'ఖాళీ చేసే పెట్టాను' అన్న నమ్మకం లెక్కలోకి రాదు. తూటాలను పక్క గదిలో పెట్టి తలుపు వేసి, పిల్లలను బయటికి పంపి, అప్పుడు కూర్చోవాలి.

మూతి నుంచి మందు కూరే పాత తుపాకీతో చిక్కు ఎక్కువ. లోపల మందు ఉన్నదీ లేనిదీ కంటికి కనపడదు. పైన టోపీ ఉంటే తీసేసి, మూతికి ఎదురుగా తల పెట్టకుండా, కర్రను మెల్లగా లోపలికి దించాలి. ఎంత దిగిందో గుర్తు పెట్టి, గొట్టం పక్కనే బయట ఆనించి చూడాలి. బెత్తెడు తక్కువైతే లోపల మందు ఉన్నట్టే. ఇక దాన్ని పొడవకుండా పని తెలిసిన వారికి కబురు చేయాలి.

తుడవడం పెద్ద విద్యేమీ కాదు. కర్రకు మెత్తని నూలుగుడ్డ చుట్టి, 12 బోరుకైతే వెనుక నుంచి మూతి వైపు తోయాలి. ఇనుప చువ్వ వాడితే లోపల గీతలు పడతాయి. మొదటి గుడ్డను కాస్త కిరోసిన్‌తో తడిపితే మసి వదులుతుంది. దగ్గర్లో దీపం, బీడీ ఉండరాదు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మార్చి, పొడిగుడ్డతో ఆరబెట్టి, ఆఖరున కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేసిన గుడ్డతో తుడవాలి. నూనె వేయవలసింది గుడ్డకు, తుపాకీలో కాదు. మరల జోలికి పోవద్దు. నల్లమందు తుపాకీనైతే పేల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, పొడిగా తుడిచి నూనె పట్టించాలి. ఆ మసి గాలిలోని తేమను పీలుస్తుంది.

ఈ విలేకరి కుర్రతనంలో పెదనాన్న తుపాకీకి కొబ్బరినూనె ధారగా పోశాడు. పుష్యమాసం చలికి అది గడ్డకట్టి, దుమ్ము పట్టి, తూటాను పొడిచే సూది కదలలేదు. చెక్కలోకి నూనె దిగి నల్లబడింది. పెదనాన్న నెల రోజులు పలకరించలేదు.

నూనె చేతులతో తూటాలు ముట్టుకోరాదు. వాటి అడుగున టోపీలోకి నూనె దిగితే పేలవు. తోలు సంచిలో నెలల తరబడి ఉంచినా తేమ పట్టి తుప్పు వస్తుంది.

తుపాకీ తీసిన రోజే లైసెన్సు పుస్తకమూ తీసి తేదీ చూసుకోవచ్చు. 2019 సవరణతో గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది గనుక మరిచిపోవడం మరీ తేలికైంది.