అదను తప్పక పిలుచు గంట
సెల్ ఫోనునందు హెచ్చరికల నేర్పఱచుకొను విధము

అదనెఱిగి సేద్యము, పదునెఱిగి పైరు అని మన పెద్దలు చెప్పుదురు. పని తెలిసియు, దినము మఱచిపోవుటచే నష్టపడు రైతులు ప్రతి గ్రామమునందును కలరు. ఈ మఱపునకు మందు నేడు మన జేబులోనే యున్నది. సెల్ ఫోనులోని కేలెండరునకు పని పేరు, తేదీ, వేళ, ఎన్నాళ్ల కొకసారి మఱల పిలువవలయునో తెలిపినచో, ఇంటర్నెట్టు లేకున్నను అది ఆ వేళకు గంట కొట్టును. కాని ఫోను మన మిచ్చిన లెక్కనే యెఱుగును. పైరును, పశువును ఎఱుగదు. కావున లెక్క సరిగా నిచ్చుట మన వంతు.

మొదటిది, తేదీకి కట్టుబడిన పని. పంట ఋణము చెల్లించుట ఇట్టిది. 2025-26 సంవత్సరమునకు గూడ కేంద్ర ప్రభుత్వము కొనసాగించిన పథకము ప్రకారము, 3 లక్షల రూపాయల వఱకు 7 శాతము వడ్డీకి లభించు ఋణమును గడువులోపల తీర్చినవారికి 3 శాతము తగ్గింపు కలదు. లక్ష రూపాయలను ఏడాది వాడుకొన్నవారికి అది 3,000 రూపాయలు. గడువు దాటినచో ఆ లాభము పోవును. గడువునాడు మ్రోగిన గంట వలన ప్రయోజన మేమి? ధాన్య మమ్మి సొమ్ము కూర్చుకొనుటకు వ్యవధి కావలయును. ఒకే పనికి పెక్కు హెచ్చరికలు పెట్టుకొను వీలున్నది గనుక నాలుగు వారములు, ఒక వారము, ఒక దినము ముందుగా మ్రోగునట్లు పెట్టుకొనుడు.

నెలనెలా కట్టు వాయిదాలకు 31వ తేదీని పెట్టరాదు. లేని తేదీని విడిచివేయవలయునని కేలెండరులకు 2009లో ఏర్పడిన నియమము. అందుచే అట్టి గంట ఏడాదిలో అయిదు నెలలు మూగవోవును. 25వ తేదీని పెట్టుకొనుట క్షేమము.

రెండవది, జరిగిన దినమునుండి లెక్కింపవలసిన పని. ఆవు సామాన్యముగా 21 దినముల కొకసారి ఎదకు వచ్చును. 18 మొదలు 24 దినముల వఱకు హెచ్చుతగ్గు లుండును. కావున ఎద కనబడిన నాటినుండి 18వ దినమున మొదటి గంట పెట్టి, అటుపై వారము దినములు ఉదయము, సాయంకాలము పశువును గమనింపవలయును. ఈసారి 19వ దినముననే యెద వచ్చినచో పాత లెక్క తీసివేసి, ఆ దినమునుండి కొత్త లెక్క నారంభింపుడు. చూలు నిలిచినదని పశువైద్యుడు నిర్ధారణ చేసిన పిమ్మట ఆ గంటను ఆపవలయును. అక్కఱలేని గంటలు మ్రోగుచుండినచో అక్కఱగల గంటను గూడ చెవి లక్ష్యపెట్టదు.

మూడవది మిక్కిలి ముఖ్యము. పురుగుమందు చల్లుటకు వారము వారము గంట పెట్టకుడు. చేను చూచుటకు పెట్టుడు. పురుగు ఎంత యున్నదో, దానిని తిను మిత్రకీటకము లెన్ని యున్నవో చూచిన పిమ్మటనే మందు మాట. తేదీని బట్టి చల్లినచో డబ్బు వ్యర్థము, మిత్రకీటకములకు నాశము.

గంట పెట్టిన పిదప అయిదు నిమిషములకు మ్రోగునట్లొకటి పెట్టి పరీక్షించుడు. శబ్దము తగ్గించి యున్నను, ఆ వేళకు ఫోను ఆగి యున్నను పిలుపు వినబడదు. కనుక ఋణపు గడువును ఇంటి గోడ కేలెండరు మీద గూడ వ్రాసి, ఇంటివారికి తెలియజేయుడు.

సభ్య సోదరులారా! గంట పిలుచును గాని పని చేయదు. పిలిచిన నాడే లేచి చేయువానికే అది తోడు.