కేబుల్ లేని ఎక్సలరేటర్

పెట్రోలు కారు ఇంజన్‌లోకి ఎంత గాలి పోవాలో తేల్చేది థ్రాటిల్. గాలి గొట్టంలో అడ్డంగా అమర్చిన గుండ్రటి రేకు ఇది. రేకు తెరుచుకునే కొద్దీ గాలి ఎక్కువగా లోపలికి పోతుంది, దానికి తగ్గ పెట్రోలు కలుస్తుంది, బండి లాగుతుంది. పాత మారుతి 800 వంటి కార్లలో ఎక్సలరేటర్ పెడల్‌కూ ఈ రేకుకూ మధ్య ఉక్కు కేబుల్ ఉండేది. పాదం ఎంత నొక్కితే రేకు అంత తిరిగేది. ఇంజన్ అదురు, స్ప్రింగు బిగువు కేబుల్ వెంట వచ్చి పాదానికి తెలిసేవి. లోపల పోగులు తెగుతుంటే పెడల్ బిగుసుకుని ముందే హెచ్చరించేది.

ఇప్పుడు కడప జిల్లా సింహాద్రిపురం నుంచి పులివెందులకో ప్రొద్దుటూరుకో వెళ్లే కొత్త కార్లలో ఆ కేబుల్ దాదాపుగా కనిపించదు. పెడల్ దగ్గర సెన్సర్లుంటాయి. పాదం ఎంత లోతుకు దిగిందో, ఎంత వేగంగా దిగిందో అవి ఈసీయూ అనే కంప్యూటర్‌కు చెబుతాయి. థ్రాటిల్ రేకును ఎంత తెరవాలో ఈసీయూ లెక్కగట్టి, ఒక చిన్న మోటారుతో తిప్పిస్తుంది. అంటే పెడల్ పెట్టేది అర్జీ మాత్రమే, మంజూరు చేసేది కంప్యూటర్. డీజిల్ కారులో బలం గాలి మీద కాక ఇంజెక్టర్ చిమ్మే డీజిల్ మీద ఆధారపడినా, అక్కడ కూడా కామన్ రైల్ ఇంజన్లు వచ్చాక పెడల్ పని ఇదే.

1980ల చివర్లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ వంటి ఖరీదైన కార్లతో ఈ పద్ధతి మొదలైంది. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నియమాలు దేశమంతటా అమలయ్యాక పొగ మీద పట్టు బిగిసింది. గాలినీ ఇంధనాన్నీ సరిగ్గా తూచి కలపాలంటే గాలి తలుపు కంప్యూటర్ చేతిలో ఉండడమే మేలని కంపెనీలన్నీ అటు మళ్లాయి.

డ్రైవింగ్ అనుభవం మారింది ఇక్కడే. ఇరవై శాతం నొక్కితే రేకు ఇరవై శాతమే తెరుచుకోవాలన్న నియమం ఇప్పుడు లేదు. ఏ నొక్కుకు ఎంత స్పందన ఉండాలో కంపెనీ ఇంజనీర్లు ముందే పట్టికలుగా రాసి ఈసీయూలో ఉంచుతారు. మొదటి నొక్కులోనే రేకు బాగా తెరుచుకునేలా రాస్తే బండి చురుగ్గా దూకుతుంది. షోరూమ్ నుంచి పక్క వీధి దాకా నడిపి చూసినవారు ‘పికప్ బాగుంది’ అనేస్తారు. అదే బండి నిండా మనుషులతో కడప–రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు, పెడల్ ఇంకా నొక్కినా అదనంగా వచ్చేది తక్కువేనని బయటపడుతుంది. రావలసిన బలమంతా పైపైనే వచ్చేసింది, కింద మిగిలింది లేదు. పికప్ వేరు, బలం వేరు. ఈ తేడా తెలియక కారును మెచ్చుకోవడం, తిట్టడం రెండూ జరుగుతున్నాయి.

సింహాద్రిపురానికి దగ్గరలో ఉన్న కార్ల కర్మాగారం శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా. 2019 ఆగస్టులో అక్కడి నుంచి మార్కెట్లోకి వచ్చిన సెల్టోస్‌లో, ఆటోమేటిక్ రకాలకు ఎకో, నార్మల్, స్పోర్ట్ అనే డ్రైవ్ మోడ్‌లు ఇచ్చారు. స్పోర్ట్ ఎంచుకుంటే ఇంజన్ హార్స్‌పవర్ పెరగదు. పెడల్ పట్టిక మారుతుంది, గేరు పైకి మారడం ఆలస్యమవుతుంది, అంతే. పెడల్‌ను అడుగు దాకా తొక్కితే మూడింటిలోనూ ఇంజన్ ఇచ్చే గరిష్ఠ బలం ఒకటే. పెడల్‌కూ ఈసీయూకూ మధ్య తగిలించే ‘థ్రాటిల్ బూస్టర్’ పెట్టెలు చేసేదీ ఇంతే: కొంచెం నొక్కితే ఎక్కువ నొక్కినట్టు కంప్యూటర్‌కు చెబుతాయి. వాటి మీద డబ్బు పెట్టడం దండగ.

కేబుల్ కార్లకు అలవాటుపడినవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆలస్యం. నిజానికి తీగల్లో సంకేతం నడవడానికి పట్టేది లెక్కలోకి రాదు. మోటారు రేకును పూర్తిగా తిప్పడానికి కూడా సెకనులో పదోవంతుకు అటూఇటూ చాలు. మిగిలిన ఆలస్యం చాలావరకు కావాలని పెట్టిందే. పెడల్ ఒక్కసారిగా నొక్కితే గేర్లు, యాక్సిల్‌లు మెలిపడి బండి కుదుపుతుంది కాబట్టి ఈసీయూ బలాన్ని మెల్లగా విడుదల చేస్తుంది. చిన్న టర్బో ఇంజనైతే టర్బో చక్రం ఊపందుకోవడానికి పట్టే క్షణం దీనికి తోడవుతుంది. చీనీకాయల లోడుతో వెళ్లే ట్రాక్టర్‌ను ఇరుకు రోడ్డు మీద దాటాలనుకునే డ్రైవరు ఈ జాగును లెక్కలో వేసుకోవాలి. ముందుగా కింది గేరుకు దిగి, ఇంజన్ ఊపందుకున్నాకే పక్కకు రావాలి.

క్లచ్ తొక్కి పెడల్ మీద నుంచి కాలు తీసినా కాసేపు ఇంజన్ వేగం తగ్గకపోవడం మరో ఫిర్యాదు. అది చెడిపోవడం కాదు. రేకు ఠక్కున మూసుకుంటే సరిగా కాలని ఇంధనం పొగగా బయటికి పోతుంది కనుక మెల్లగా మూస్తారు. గేరు మార్చడంలో కొంత నిదానం అలవాటు చేసుకుంటే కుదుపు ఉండదు.

ఇంత తీసుకున్న కంప్యూటర్ తిరిగి ఇచ్చింది కూడా తక్కువేమీ కాదు. ఒకప్పుడు ఏసీ వేస్తే చిన్న కారు నీరసించేది; ఇప్పుడు కంప్రెసర్ తిరిగే సరికి ఈసీయూ రేకును కాస్త తెరిచి సర్దుకుంటుంది. ఫస్ట్ గేరులో క్లచ్ మెల్లగా వదిలితే ఎక్సలరేటర్ తాకకుండానే చాలా కార్లు ఆగిపోకుండా ముందుకు పాకుతాయి. తడి మట్టిలో చక్రం జారితే జారుడును అదుపు చేసే ఈఎస్‌పీ ఉన్న కారులో కంప్యూటరే ఇంజన్ బలాన్ని తగ్గిస్తుంది. క్రూయిజ్ కంట్రోల్ కూడా ఈ పద్ధతి వల్లే చవకైంది.

పెడల్‌కూ కంప్యూటర్‌కూ మధ్య లెక్క తప్పితే? అందుకే పెడల్ దగ్గరా, థ్రాటిల్ దగ్గరా సెన్సర్లు రెండేసి ఉంటాయి. రెండూ వేర్వేరు మాటలు చెబితే ఈసీయూ బలం తగ్గించి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. మోటారుకు కరెంటు ఆగితే స్ప్రింగులు రేకును కొద్దిపాటి సందు దగ్గర నిలుపుతాయి, బండి మెకానిక్ దాకా పాకుతూ పోగలదు. రేకు అంచున మసి పేరుకుని ఐడ్లింగ్ తడబడితే శుభ్రం చేయించవచ్చు గానీ రేకును వేలితో బలవంతంగా తిప్పకూడదు; లోపలి పళ్ల చక్రాలు దెబ్బతింటాయి.

2009–10లో అమెరికాలో టయోటా కార్లు తమంతట తామే వేగం అందుకుంటున్నాయన్న ఆరోపణలతో లక్షల కార్లను వెనక్కి పిలిచారు. నాసా ఇంజనీర్ల సాయంతో చేసిన ప్రభుత్వ విచారణ 2011లో ఎలక్ట్రానిక్ లోపానికి ఆధారం దొరకలేదని తేల్చింది. పెడల్‌కు చిక్కుకున్న ఫ్లోర్ మ్యాట్లనూ, బిగుసుకునే పెడల్‌నూ కారణాలుగా చూపింది. 2013లో ఓక్లహోమా జ్యూరీ మాత్రం ఒక క్యామ్రీ ప్రమాదంలో కంపెనీదే బాధ్యత అంది. వినియోగదారులను తప్పుదోవ పట్టించినందుకు 2014లో టయోటా 120 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఈ గొడవ తర్వాతే బ్రేక్ ఓవర్‌రైడ్ విస్తరించింది: బ్రేకు, ఎక్సలరేటర్ రెండూ నొక్కి ఉంటే ఈసీయూ బ్రేకు మాటే వింటుంది.

మన కార్లలో కంపెనీ మ్యాట్ మీద మరో రబ్బరు మ్యాట్ పరిచే అలవాటుంది. డ్రైవరు కాళ్ల దగ్గర దాన్ని వెంటనే తీసేయాలి. ఎప్పుడైనా పెడల్ ఇరుక్కుంటే బ్రేకును పదేపదే కాక ఒకేసారి బలంగా తొక్కి పట్టి, గేరు న్యూట్రల్ చేసి, బండిని పక్కకు తీసి ఆపాలి. కదులుతున్న బండిలో తాళం తీయకూడదు, స్టీరింగు లాక్ పడుతుంది.