వర్చువల్ సమావేశాలలో సహసన్నిధి: ‘ఊ’ కొట్టే వ్యవధి

షాద్‌నగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రపు యాంటెన్నాలు భూపరిశీలక ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకొంటాయి. ఆ చిత్రాలలో పాలమూరు చెరువులూ చేలూ ఎంత స్పష్టంగా కనిపించినా, చేనిలోని రైతుకు ఆ చూపు తగలదు. మనుషులు ఒకచోట కూడినప్పటి చూపు వేరు. అక్కడ చూసేవారికి తామూ చూడబడుతున్నామని తెలుసు. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో సహసన్నిధికి ఈ పరస్పర ఎరుకనే ప్రాతిపదికగా గ్రహించాడు.

ఉపగ్రహాలకు సంబంధించిన ఈ రంగానికే తెలంగాణ ప్రభుత్వం రూపొందించిన ‘స్పేస్‌టెక్’ విధానం 2022 ఏప్రిల్ 18న మెటావర్స్‌లో ఆవిష్కృతమైంది. అటువంటి సభలో రెండు అనుభూతులు కలగలిసి ఉంటాయి. మొదటిది ఆ చోటులోనే ఉన్నామనే భ్రమ. తల తిప్పినప్పుడు దృశ్యమూ తదనుగుణంగా మారడం దీనికి మూలమని మెల్ స్లేటర్ 2009లో వివరించాడు. రెండవది ఇతరులతో కలిసి ఉన్నామనే భావన. మొదటిదానిని తలకు తొడిగే పరికరం ఇవ్వగలదు. ఖాళీ సభామందిరంలోనూ అది కలుగుతుంది. రెండవది ఎదుటి మనిషి స్పందిస్తే గాని కలగదు.

ఆ స్పందన స్వరూపం తెలుగువారి కథాకథనంలోనే ఉంది. కథ చెప్పేవారికి వినేవారు ‘ఊ’ కొట్టాలి. బుర్రకథలో ఆ పని వంతలది. ‘ఊ’లో అర్థం స్వల్పం, వేళ ముఖ్యం. అది ఆలస్యమైతే వినేవారు కునుకు తీస్తున్నట్లే లెక్క. పది భాషల సంభాషణలను పరిశీలించిన స్టివర్స్ బృందం (2009) ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున సెకనులో అయిదవ వంతు మాత్రమేనని గుర్తించింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఒక దిశలో 150 మిల్లీసెకన్లలోపు జాప్యాన్ని సిఫారసు చేస్తుంది. ప్రశ్న వెళ్లాలి, జవాబు తిరిగి రావాలి కనుక, ఆ పరిమితిలో ఉన్నా జాప్యం రెండింతలై సహజ విరామాన్ని మించగలదు.

అవతార్ ముఖం మరీ సజీవంగా ఉండనవసరం లేదు. మనిషిని దాదాపుగా పోలి, పూర్తిగా పోలని రూపం వెగటు పుట్టిస్తుందని మసాహిరో మోరి 1970లోనే సూచించాడు. బొమ్మలాంటి అవతార్ అయినా సరైన క్షణంలో తల ఊపితే చాలు.

విశ్వవిద్యాలయాలు పట్టించుకోవలసిన చిక్కు ఇక్కడే ఉంది. ధ్వని సంభాషణలపై శోనెన్‌బర్గ్ బృందం 2014లో ప్రకటించిన పరిశోధనలో, మాట్లాడేవారు ప్రసార జాప్యాన్ని యంత్రానికి కాక అవతలి వ్యక్తి స్వభావానికి ఆపాదించారు. ఆ వ్యక్తికి శ్రద్ధ తక్కువని భావించారు. మౌఖిక పరీక్షకు పల్లె నుండి మొబైల్ డేటాతో హాజరైన పరిశోధకుని తడబాటుగా పరీక్షకులకు తోచేది నెట్‌వర్క్ జాప్యమే కావచ్చు. వీడియోలో బొమ్మ ఆగితే లోపం ఎక్కడుందో కంటికి తెలుస్తుంది. మెటావర్స్‌లో అవతార్ కళ్లార్పుతూ, మెల్లగా కదులుతూ నిలిచే ఉండవచ్చు; అప్పుడు పరీక్షకులకు అందేది మౌనమొక్కటే. ఆ జాప్యాన్ని మిల్లీసెకన్లలో వారి తెరపై చూపడం సాంకేతికంగా తేలిక.