సంఖ్య వేరు, నంబరు వేరు

తెలుగులో ప్రధాన సంఖ్య అంటాం, సరి సంఖ్య అంటాం. ఇల్లయితే ఇంటి నంబరు, రైలయితే రైలు నంబరు. ‘జనం సంఖ్య పెరిగింది’ అన్నచోట నంబరు పొసగదు. ‘మీ ఫోను సంఖ్య చెప్పండి’ అని అడిగేవారు మనలో అరుదు. ఎవరూ నేర్పకుండానే మన నోటికి ఈ తేడా పట్టుబడింది. లెక్కకు వచ్చేది సంఖ్య, గుర్తుగా తగిలించేది నంబరు. యూరప్‌లో కాపురం పెట్టి ఫ్రెంచో జర్మనో నేర్చుకుంటున్న తెలుగువాళ్ళకు ఇది పెద్ద ఆస్తి అని నా నమ్మకం.

ఫ్రెంచివాళ్ళ పద్ధతీ ఇదే మరి. ప్రధాన సంఖ్యలోని సంఖ్య వాళ్ళకు ‘నోంబ్ర్’, ఇంటి నంబరులోని నంబరు ‘న్యుమెరో’. జర్మన్‌లో మొదటిది ‘త్సాల్’, రెండోది ‘నుమ్మర్’. ఇంగ్లిషు రెంటికీ ఒకే మాటతో సరిపెట్టుకుంటుంది. ఇటాలియన్, స్పానిష్ భాషలూ అంతే. కాబట్టి మన పిల్లలకు ఫ్రెంచి చెప్పేటప్పుడు ఇంగ్లిషు మీదుగా తిప్పకండి. ఈ ఒక్క విషయంలోనైనా తెలుగుదే దగ్గర దారి.

ఫ్రెంచి మాటలు రెండూ లాటిన్ ‘నుమెరుస్’ బిడ్డలే. ఒకటి రోమన్ల కాలం నుంచి జనం నోళ్ళలో నాని అరిగింది. రెండోది 16వ శతాబ్దంలో ఇటాలియన్ నుంచి దాదాపు చెక్కుచెదరకుండా వచ్చింది. రాత్రి పక్కన రాతిరి, భక్తి పక్కన బత్తి చదువుకున్న మనకు ఇది కొత్త సంగతి కాదు. వికృతి అన్నారు కదా అని చెడిపోయిన మాట అనుకోవద్దు. ‘నోంబ్ర్’లో జరిగిన మార్పు ఎంత క్రమంగా జరిగిందో చూడండి.

నుమెరుస్‌లో నడిమి ‘ఎ’ మీద ఊనిక లేదు, అది జారిపోయింది. మకారమూ రేఫా పక్కపక్కన పడ్డాయి. ‘మ’ పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి, గాలి ముక్కులోంచి పోతుంది. పెదవులు విచ్చుకోవడానికి ఒక్క క్షణం ముందే ముక్కుదారి మూసుకుంటే మధ్యలో ‘బ’ పుడుతుంది. ఇంతే రహస్యం. గదికి లాటిన్‌లో ఉన్న ‘కామెర’ ఫ్రెంచిలో ‘షాంబ్ర్’ అయిందీ ఇలాగే. సంస్కృతంలోని ఆమ్రం ప్రాకృతంలో అంబ అయింది, తామ్రం తంబ అయింది. ఫ్రాన్సులో మాట్లాడినా మన దేశంలో మాట్లాడినా మనిషి నోరు ఒకటే! 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఆ ఫ్రెంచి బకారం ఇంగ్లిషులో స్థిరపడింది. అక్కడి నుంచి మన నంబరులోకి వచ్చింది. జర్మన్ ‘నుమ్మర్’లో అది లేదు, ఎందుకంటే వాళ్ళు ఆ మాటను వ్యాపారం లెక్కలతోపాటు ఇటలీ నుంచి తెచ్చుకున్నారు.

వేల్స్‌లో మకారం మెత్తబడి ‘నివెర్’ అయింది. ఐర్లండులో మాట ముందున్న నకారమే పోయి ‘ఇవిర్’ మిగిలింది. ఐరిష్‌లో నామవాచకం ముందు ‘అన్’ చేరుతుంది. రెండు నకారాలు కలిసి వినిపించేసరికి, ఉన్నది ‘అన్’లోని నకారమేనని జనం విడదీసుకున్నారు. డబ్లిన్‌లో ఉన్న మనవాళ్ళు ఈ మాటను ఒకసారి పలికి చూడాలి. నాకు ఇన్ని రూపాల్లోకీ ఇదే ఎక్కువ ఇష్టం.

ఇంగ్లిషులో నంబరును పొట్టిగా ‘ఎన్, ఓ, చుక్క’ అని రాస్తారు. అసలు మాటలో ‘ఓ’ అక్షరమే లేదు! అది లాటిన్ ‘నుమెరో’ మొదటి, చివరి అక్షరాలు. ‘సంఖ్యలో’, ‘సంఖ్య చొప్పున’ అని చెప్పే విభక్తి రూపం అది. మనం రాసే ‘నెం.’ ఆ దారిన వచ్చింది కాదు, మన పలుకుబడి నుంచే పుట్టింది. రష్యన్ లిపిలో లాటిన్ ‘ఎన్’ అక్షరం లేదు. అయినా ఎన్ పక్కన చిన్న ఓ ఉన్న గుర్తును వాళ్ళు కీబోర్డు మీద కూడా ఉంచుకున్నారు. వాళ్ళకు ‘నోమెర్’ అంటే నంబరే కాదు, హోటల్ గది కూడా.

స్పెయిన్ వెళ్ళేవారికి ఒక మాట. అక్కడి ఫారాల్లో ‘నోంబ్రె’ అన్న గడి కనిపిస్తే అంకెలు వేయకండి. ఫ్రెంచి నోంబ్ర్‌కూ దీనికీ అక్షరాలన్నీ ఒకటే అయినా పుట్టుక వేరు. పేరు అనే అర్థమున్న లాటిన్ ‘నోమెన్’ దీనికి తల్లి. ఇక్కడా మకారం తర్వాత రేఫ వచ్చి, వాటి మధ్య అదే ‘బ’ మొలిచింది. ఆ గడిలో మీ పేరు రాయండి. నంబరు వేయాల్సింది ‘నూమెరో’ అన్న గడిలో.