ఎనిమిదేళ్లకే లాటిన్ ఎందుకు? క్లాసికల్ క్రైస్తవ బడిలో చిన్నపిల్లల చదువు

అమెరికాలో కొన్ని బడుల బోర్డు మీద ‘క్లాసికల్ క్రిస్టియన్ స్కూల్’ అని ఉంటుంది. అక్కడ మూడో తరగతి పిల్లలు లాటిన్ శబ్దాలు ఒకే గొంతుతో వల్లె వేస్తారు. వాళ్లకంటే చిన్నవాళ్లు ప్రపంచ చరిత్రలోని ఘట్టాలను వరుస తప్పకుండా పాటగా పాడతారు. చాలాచోట్ల ట్యాబ్‌లకు బదులు రూళ్ల కాగితం, కలిపిరాత కనిపిస్తాయి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో ఇలాంటి బడులు చాలానే ఉన్నాయి. వాటి గురించి విన్న తల్లిదండ్రులకు సహజంగా వచ్చే అనుమానం ఒకటే: బట్టీ చదువు వద్దనుకుని ఇంత దూరం వచ్చాక మళ్లీ బట్టీయేనా?

దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెప్పలేం. ఈ బడిలో కంఠతా పట్టించడం ఒక పెద్ద పథకంలో మొదటి భాగం. మిగతా భాగాలు తెలిస్తేనే దీని మంచిచెడ్డలు తేలతాయి.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది?

ఇందులోని పాఠ్యాంశాలు ప్రాచీనమైనవి, ఉద్యమం మాత్రం నిన్నమొన్నటిది. మధ్యయుగాల ఐరోపాలో చదువుకున్నవాడికి ఏడు విద్యలు రావాలనేవారు. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మొదటి మూడింటిని ట్రివియం అనీ, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం అనే నాలుగింటిని క్వాడ్రివియం అనీ పిలిచేవారు.

1947లో డొరొతీ సేయర్స్ అనే ఆంగ్ల రచయిత్రి ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రసంగం చేసింది. లార్డ్ పీటర్ విమ్సీ అనే పాత్రతో డిటెక్టివ్ నవలలు రాసి పేరు తెచ్చుకున్నది ఈమే. బడుల్లో పిల్లలకు సబ్జెక్టులు చెబుతున్నారు గానీ, సొంతంగా నేర్చుకునే నేర్పు ఇవ్వడం లేదన్నది ఆమె ఫిర్యాదు. పాత ట్రివియంలోని మూడు విద్యలనూ ఆమె పిల్లల మూడు వయసులకు జతచేసింది. చిన్నతనంలో పిల్లలు విన్నది విన్నట్టు అప్పజెబుతారు. ఆ తర్వాత కొన్నేళ్లు ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేస్తారు, పెద్దల మాటలో తప్పు దొరికితే సంబరపడతారు. ఆపైన తమ మనసులోది అందంగా చెప్పాలని తపన పడతారు. మొదటి వయసులో విషయాలు నింపండి, రెండో వయసులో తర్కం నేర్పండి, మూడో వయసులో వాక్కుకు పదును పెట్టండి అన్నది ఆమె సూచన.

ఈ ప్రసంగం ఆధారంగా 1981లో ఐడహో రాష్ట్రంలోని మాస్కో అనే చిన్న ఊళ్లో లోగోస్ స్కూల్ మొదలైంది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పాస్టర్ డగ్లస్ విల్సన్ 1991లో ఈ పద్ధతి మీద పుస్తకం రాశాక, అదే నమూనాలో ప్రొటెస్టెంట్ బడులు వరసగా వెలిశాయి. ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునేవాళ్లకు 1999లో జెస్సీ వైజ్, సూసన్ వైజ్ బావర్ అనే తల్లీకూతుళ్లు రాసిన పుస్తకం దారి చూపింది. కాథలిక్కులు నడిపే క్లాసికల్ బడులు, మతంతో సంబంధం లేని క్లాసికల్ చార్టర్ బడులు కూడా ఇప్పుడు ఉన్నాయి.

చిన్నప్పుడే అంత కంఠతా ఎందుకు?

ఈ బడుల్లో ప్రాథమిక తరగతులను ‘గ్రామర్ స్టేజ్’ అంటారు. ప్రతి సబ్జెక్టుకూ ఒక ప్రాథమిక సామగ్రి ఉంటుందని వాళ్ల లెక్క. గణితానికి ఎక్కాలు, భూగోళానికి దేశాలూ నదులూ రాజధానులూ, చరిత్రకు సంఘటనల వరుస, విజ్ఞానశాస్త్రానికి గ్రహాలు, ఎముకలు, జంతువుల వర్గీకరణ. వీటిని నోటికి ఎక్కించడానికి పాట, చప్పట్లు, లయ, అభినయం అన్నీ వాడతారు.

ఆ వయసు పిల్లలకు ఒకే మాటను మళ్లీ మళ్లీ అనడం విసుగనిపించదు. ఒకే కథను ఇరవైసార్లు చెప్పమని వేధించే వయసది. పెద్దయ్యాక భారమయ్యే పని అప్పుడు ఆటలా సాగుతుంది. పైగా ఏడెనిమిదులు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకునే పిల్లవాడి దృష్టంతా అక్కడే ఖర్చవుతుంది, అసలు లెక్క మీద నిలవదు. ఎక్కం నోటికి వస్తే బుర్ర ఆ లెక్కకు ఖాళీగా ఉంటుంది.

చదవడం నేర్పేటప్పుడూ ఇదే తీరు. ఇంగ్లీషులో ఉన్నది ఇరవయ్యారు అక్షరాలే అయినా, ఒక్కో అక్షరం చోటును బట్టి గొంతు మారుస్తుంది. అందుకని ఈ బడుల్లో చాలా వరకు ఫోనిక్స్‌తో మొదలుపెడతారు. స్పాల్డింగ్ పద్ధతి పాటించే చోట్ల ఒకటో రెండో అక్షరాలు, ఒక్కోసారి నాలుగు అక్షరాలు కలిసి పలికే ధ్వనిరూపాలను 70గా విడదీసి నేర్పుతారు. పదాన్ని చూసి ఊహించడం కాకుండా, కూడబలుక్కుని చదవడం అలవాటు చేస్తారు.

ఎవరూ మాట్లాడని లాటిన్ ఎందుకు?

ఇంగ్లీషులో పండిత పదాలు చాలావరకు లాటిన్ నుంచి వచ్చాయి గనక పదసంపద పెరుగుతుందన్నది అందరూ చెప్పే కారణం. చర్చి పాత గ్రంథాలు లాటిన్‌లో ఉన్నాయన్నది ఇంకొకటి. రెండూ నిజమే. కానీ అసలు లాభం వ్యాకరణంలో ఉంది. అదేమిటో ఇంగ్లీషు పిల్లల కంటే తెలుగు పాఠకులకు తొందరగా అర్థమవుతుంది.

టీచర్ బోర్డు మీద మూడు మాటలు రాస్తుంది: పుయెల్ల అగ్రికొలమ్ విడెట్. అమ్మాయి రైతును చూస్తోంది అని అర్థం. ఇప్పుడు మొదటి రెండు మాటలనూ తారుమారు చేసి, అగ్రికొలమ్ పుయెల్ల విడెట్ అని రాసి, ఇప్పుడు ఎవరు ఎవర్ని చూస్తున్నారు అని అడుగుతుంది. ఇంగ్లీషు అలవాటున్న పిల్లలు, రైతే అమ్మాయిని చూస్తున్నాడంటారు. ఇంగ్లీషులో మాట చోటు మారితే పని చేసేవాడే మారిపోతాడు మరి. టీచర్ ‘అగ్రికొలమ్’ చివరనున్న మకారం కింద గీత గీస్తుంది. కర్మను చెప్పే గుర్తు అదీ. మాట ఎక్కడున్నా ఆ గుర్తు వదలదు. రైతే చూసేవాడు కావాలంటే ‘అగ్రికొల పుయెల్లమ్ విడెట్’ అనాలి.

మనకు ఇందులో వింతేమీ లేదు. ‘అమ్మాయి రైతును చూస్తోంది’ అన్నా ‘రైతును అమ్మాయి చూస్తోంది’ అన్నా అర్థం మారదు, ‘ను’ ఆ పని చూసుకుంటుంది. డుమువులు ప్రథమావిభక్తి అంటూ వల్లె వేసినవాళ్లకూ, సంస్కృతంలో రామ శబ్దం చదివినవాళ్లకూ లాటిన్ శబ్దాల వరుస పాత చుట్టంలాగే కనిపిస్తుంది. ఇంగ్లీషు పిల్లలకు మాత్రం వాక్యం లోపలి కీళ్లు మొదటిసారి కనబడేది ఇక్కడే. కర్త ఏది, కర్మ ఏది, క్రియ ఏది అని ప్రతి మాటనూ ఆరా తీయక తప్పదు. ఆ ఆరా తీసే అలవాటు కోసమే లాటిన్. సాధారణంగా మూడో తరగతి ప్రాంతంలో మొదలుపెడతారు. కొందరు ప్రాచీన ఉచ్చారణ, కొందరు చర్చి ఉచ్చారణ పాటిస్తారు.

చరిత్రను ఎలా చెబుతారు?

మామూలు అమెరికన్ బడుల్లో చిన్న తరగతుల సామాజిక పాఠం ఇంటితో మొదలై పేటకు, ఊరికి, రాష్ట్రానికి విస్తరిస్తుంది. ఇక్కడ కాలం మొదటి నుంచి వస్తారు. చాలా బడులు వాడే ఒక వరుసలో తొలి ఏడు పాత నిబంధనతో పాటు ప్రాచీన ఈజిప్టు, తర్వాతి ఏడు గ్రీసు, రోము, ఆపైన మధ్యయుగాలు, మతసంస్కరణ, ఆ తర్వాత అన్వేషకుల కాలం, చివరకు ఆధునిక యుగం వస్తాయి. ఒక్కో సంఘటనకు ఒక కార్డు ఉంటుంది. ముందు బొమ్మ, వెనుక సంవత్సరం, నాలుగు ముక్కల వివరం. 313లో మిలాన్ శాసనం, 800లో షార్లమేన్ పట్టాభిషేకం, 1215లో మాగ్నా కార్టా, 1517లో లూథర్ వాదాంశాలు. ఇవన్నీ పాటలో వరుసగా వస్తాయి.

బైబిలు ఘటనలూ ప్రపంచ ఘటనలూ ఇక్కడ ఒకే కాలరేఖ మీద ఉంటాయి. అబ్రాహామును ఆదివారం పాఠంలో, ఫరోలను సోమవారం పాఠంలో విడివిడిగా చదవరు. దేవుడు చరిత్రను నడిపిస్తున్నాడన్న విశ్వాసాన్ని మాటల్లో బోధించే ముందే, పాఠాన్ని అమర్చిన తీరే చెబుతుంది.

రాయడం ఎలా నేర్పుతారు?

గ్రీకు, రోమన్ బడుల్లో వక్తలను తయారుచేయడానికి ప్రోజిమ్నాస్మాటా అనే అభ్యాసాల మాల ఉండేది. అందులో మొదటి మెట్టు నీతికథ. సింహం, ఎలుక కథే తీసుకుందాం. టీచర్ కథ చదువుతుంది. పిల్లలు పుస్తకం చూడకుండా తమ మాటల్లో తిరిగి చెబుతారు. కొన్నిచోట్ల ఒక్కో వాక్యం నుంచి మూడు ముఖ్యమైన మాటలే ఏరి రాసుకుని, కథ మూసేసి, ఆ మాటల ఆధారంతో మళ్లీ కథ అల్లుతారు. తర్వాత అదే కథను సగానికి కుదించమంటారు, ఇంకోసారి పెంచమంటారు, మరోసారి ఎలుక వైపు నుంచి చెప్పమంటారు.

‘నీకు తోచింది రాయి’ అంటే తెల్లకాగితం ముందు బిక్కమొహం వేసే పిల్లలున్నారు. వాళ్లకు ఈ పద్ధతిలో ఏం చెప్పాలన్న బెంగ ఉండదు, ఎలా చెప్పాలన్న దాని మీదే మనసు పెడతారు. బట్టీకీ సొంత మాటకూ మధ్య వంతెన ఉన్నది ఈ పాఠంలోనే.

బైబిలు ఒక పీరియడా, అన్నిటిలోనూ ఉంటుందా?

రెండూను. ఉదయం ప్రార్థన, కీర్తనలు, వచనాలు కంఠస్థం చేయడం ఉంటాయి. చాలా బడుల్లో ప్రశ్న, జవాబుగా సాగే కాటకిజం నేర్పుతారు. 1640ల్లో లండన్‌లో రూపొందిన వెస్ట్‌మిన్‌స్టర్ చిన్న కాటకిజంలో 107 ప్రశ్నలున్నాయి. ఈ ప్రశ్నోత్తరాల బోధన తెలుగువాళ్లకు కొత్త కాదు. 18వ శతాబ్దం నడుమ బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ లూథర్ చిన్న కాటకిజాన్ని తెలుగులోకి తెచ్చి జర్మనీలోని హాలేలో అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి.

ఈ బడుల్లో పదేపదే వినిపించే మూడు మాటలు సత్యం, మంచితనం, సౌందర్యం. పిల్లవాడికి ఏం తెలుసు అన్నదానితో పాటు వాడు దేన్ని ప్రేమిస్తాడు అన్నదీ చదువు బాధ్యతేనని వీళ్ల నమ్మకం. పుస్తకాలను ఆ దృష్టితోనే ఎంచుతారు, నడవడికను కూడా పాఠంగానే చూస్తారు. విజ్ఞానశాస్త్రంలో ప్రకృతి పరిశీలన ఎక్కువ: ఆకును చూసి గీయడం, పిట్టలను గుర్తుపట్టడం. అయితే సృష్టి, పరిణామవాదం విషయంలో బడికీ బడికీ తేడా ఉంటుంది. చాలావాటిలో బోధన సృష్టివాదం వైపు మొగ్గుతుంది.

మరి లోపాలు లేవా?

ఉన్నాయి. మధ్యయుగాల్లో ట్రివియం మూడు విద్యలే గానీ మూడు వయసులు కాదు. ఆ జోడింపు సేయర్స్ సొంత ఊహ. బోధనలో తన అనుభవం చాలా తక్కువనీ, పిల్లల మనసు గురించిన తన అభిప్రాయాలు తన బాల్యాన్ని తలచుకుని చెప్పినవేననీ ఆ ప్రసంగంలో ఆమే ఒప్పుకుంది. ఏడేళ్ల పిల్లలు కూడా ‘ఎందుకు?’ అని అడుగుతారు. తర్కం దశ ఇంకా రాలేదు, ఇప్పుడు వల్లె వేయి అంటే ఆ ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది.

రెండోది, ఈ కాలరేఖ ప్రధానంగా పడమటిది. భారతదేశం అలెగ్జాండర్ వచ్చినప్పుడో 1498లో వాస్కో డ గామా వచ్చినప్పుడో కనిపిస్తుంది తప్ప తనంతట తానుగా కనిపించడం అరుదు. మూడోది, ఉద్యమానికి ఊపిరిపోసిన విల్సన్ చుట్టూ వివాదాలున్నాయి. అమెరికా దక్షిణాది బానిసత్వాన్ని వెనకేసుకొస్తూ 1996లో ఆయన మరొకరితో కలిసి రాసిన చిన్న పుస్తకాన్ని చరిత్రకారులు తీవ్రంగా తప్పుపట్టారు. ఈ పద్ధతి పాటించే బడులన్నీ ఆయన బాటలో ఉన్నవి కావు. కానీ ఏ బడి ఎవరి ప్రభావంలో ఉందో తెలుసుకోవడం తల్లిదండ్రుల పని.

చేర్పించే ముందు ఏం చూడాలి?

పిల్లలు ఎంత అప్పజెబుతున్నారో చూసి మురిసిపోతే చాలదు. ఒక పూట తరగతిలో కూర్చోండి. పాట అయ్యాక టీచర్ ఆగి దాని అర్థం విప్పుతోందా? మధ్యలో పిల్లవాడు ప్రశ్న వేస్తే విసుక్కుంటోందా, ఆ ప్రశ్నను పట్టుకుంటోందా? విశ్వాస ప్రకటన అడిగి చదవండి. సైన్సు పుస్తకం చూపించమనండి. ఇతర మతాల కుటుంబాల పిల్లలను చేర్చుకుంటారో లేదో ముందే తెలుసుకోండి, కొన్ని బడులు చేర్చుకోవు. భారతదేశం లేని లోటును ఇంట్లో పూడ్చవచ్చు. ఆ కాలరేఖ మీద రోమ్ పక్కనే శాతవాహనులనూ అమరావతి స్తూపాన్నీ ఒక కార్డు మీద రాసి పెట్టండి. రోమన్ నాణేలు మన నేలలో దొరికాయని చెబితే పిల్లలకు ఆ రెండు లోకాలూ కలిసిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ బడి ఆరో తరగతి తర్వాత ఏం చేస్తుందో అడగండి. పోగేసినదాన్ని ప్రశ్నించే తరగతీ, దాన్ని నలుగురిలో నిలబడి వాదించే తరగతీ ఆ తర్వాత రావాలి. అవి ఆ బడిలో లేకపోతే, లేదా పిల్లవాణ్ణి అయిదో తరగతితోనే వేరే బడికి మార్చే ఆలోచన మీకు ఉంటే, చేతికి మిగిలేది ఈ పథకంలో మూడో వంతే. ఆ మూడో వంతు మాత్రమే కావాలంటే లాటిన్ దాకా వెళ్లనక్కర్లేదు. ఇంట్లో ఎక్కాలు, విభక్తులు, నాలుగు మంచి కథలతో చాలా వరకు సాధించవచ్చు.