నాన్నది కాంట్రా... బాబుది బీజీఎంఐ!

‘మా రోజుల్లో గేములే వేరు. ఇప్పటివీ ఒక గేములేనా?’ అని మీరంటారు. ‘నీకు తెలీదులే నాన్నా’ అని పిల్లాడంటాడు. ఈలోపు అమ్మ వచ్చి ఫోన్ లాక్కుంటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు... ఊరేదైనా సెలవులొస్తే చాలా ఇళ్లలో వినిపించే మాటలివి.

ఎవరి గేమ్ గొప్పదో తేల్చడం మన పని కాదు. కానీ ఈ వాదనను కాస్త ఓపికగా వింటే పిల్లల నిద్ర, కళ్లు, చదువుకు పనికొచ్చే సంగతి ఒకటి బయటపడుతుంది. గేమ్ పాతదా కొత్తదా అని చూసేకంటే, అది ఎక్కడ ఆగుతుందో చూడటం మేలు.

ఒక్క దెబ్బకే ప్రాణం పోవాలా?

మీ వయసు నలభైకి అటూ ఇటూ ఉంటే టీవీకి తగిలించే వీడియో గేమ్ గుర్తుండే ఉంటుంది. క్యాసెట్ పనిచేయకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టడం, గంటకింత అని డబ్బులిచ్చి షాపులో ఆడటం... అందులో అందరికీ తెలిసిన పేరు కాంట్రా. జపాన్‌కు చెందిన కొనామి సంస్థ 1987లో గేమ్ సెంటర్లలోని యంత్రాల కోసం దీన్ని తెచ్చింది. మరుసటి ఏడాది టీవీల్లో ఆడే రూపంలో వచ్చింది. ఆ తర్వాత నకలు క్యాసెట్ల ద్వారా మన ఊళ్లకూ చేరింది. బిల్, లాన్స్ అనే ఇద్దరు సైనికులు, మూడు ప్రాణాలు, ఎనిమిది దశలు. తూటా ఒక్కటి తగిలితే ఒక ప్రాణం గోవిందా. 30 ప్రాణాలు తెచ్చిపెట్టే బటన్ల కిటుకు తెలిసినవాడే ఆ వీధికి హీరో.

2024 మార్చిలో అదే కథను కొత్త బొమ్మలతో చెబుతూ ‘కాంట్రా: ఆపరేషన్ గలూగా’ వచ్చింది. ఒక్క దెబ్బకే ప్రాణం పోయే పాత పద్ధతిని ఉంచుతూనే, కొన్ని దెబ్బలు తట్టుకునే వెసులుబాటునూ ఇచ్చారు. ఏది కావాలో ఆడేవారే ఎంచుకోవచ్చు. అభిమానులు మాత్రం రెండుగా చీలారు. దెబ్బలు తట్టుకుంటే అది కాంట్రా ఎలా అవుతుందని కొందరు, బొమ్మల్లో పాత కళ లేదని కొందరు పెదవి విరిచారు. కొత్తతరం కూడా ఆడగలగాలి కదా అని మరికొందరు వెనకేసుకొచ్చారు. 2019లో వచ్చిన ‘రోగ్ కోర్’తో పోలిస్తే ఇది ఎంతో నయమన్నవాళ్లూ ఉన్నారు.

ఇదేమీ వింత కాదు. అష్టాచమ్మాలో ఏ పందెం పడితే కాయ దిగాలో ఒక్కో ఊళ్లో ఒక్కో లెక్క. పక్కూరి చుట్టాలు వస్తే ఆట మొదలవ్వకముందే ఆ తగవు మొదలవుతుంది. చిన్నప్పుడు నేర్చుకున్న లెక్కే అసలు లెక్క అనిపించడం మనిషి స్వభావం.

ఆ వయసు అలాంటిది

దీనికి మనస్తత్వ శాస్త్రంలో వివరణ ఉంది. సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు అనుభవాలు మిగతా వయసుల్లోని వాటికంటే ఎక్కువగా గుర్తుండిపోతాయని జ్ఞాపకాలపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఆ వయసులో విన్న పాట, చూసిన సినిమా, ఆడిన గేమ్ మనసులో ప్రత్యేక స్థానం సంపాదిస్తాయి. అందుకే కొత్త కాంట్రాను చూసినప్పుడు మీరు దాన్ని పాత గేమ్‌తో ఒక్కదానితోనే పోల్చరు. పక్కన కూర్చుని ఆడిన స్నేహితుడితో, బడి ఎగ్గొట్టిన మధ్యాహ్నంతో కూడా పోలుస్తారు. ఆ పోటీలో ఏ కొత్త గేమూ గెలవలేదు.

పాత రోజుల మీది ఈ బెంగను ‘నోస్టాల్జియా’ అంటారు. 1688లో స్విట్జర్లాండ్‌కు చెందిన యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఈ మాటను పుట్టించినప్పుడు అది జబ్బు పేరు. సొంత ఊరికి దూరమైనవాళ్లు బెంగతో చిక్కిపోవడాన్ని ఆయన అలా పిలిచాడు. ఇప్పుడు వైద్యులు దాన్ని జబ్బుగా చూడరు. పాత జ్ఞాపకం మనసుకు ఊరటనిచ్చేదే. కాకపోతే దాన్ని కర్రలా పట్టుకుని పిల్లల మీదికి వెళ్తేనే ఇబ్బంది.

పిల్లలదీ అదే కథ

మీకు కాంట్రా ఎలాగో మీ పిల్లలకు పబ్జీ అలాగ. కంప్యూటర్లలో 2017లో, ఫోన్లలో 2018లో వచ్చింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ మొబైల్ ఒకటి. 2021 జులైలో అదే గేమ్ మన దేశం కోసం ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ పేరుతో తిరిగొచ్చింది. అదే బీజీఎంఐ. రక్తం ఎరుపు బదులు ఆకుపచ్చగా కనిపించడం లాంటి మార్పులు చేశారు. గేమ్ తిరిగి దక్కిందని సంబరపడిన పిల్లలే, ఇది అసలు పబ్జీ కాదని అలిగారు కూడా. అదే ఏడాది నవంబరులో 2051వ సంవత్సరంలో జరిగే కథగా, డ్రోన్లతో ‘న్యూ స్టేట్’ వచ్చింది. బొమ్మలు బాగున్నాయని కొందరు, పాత మజా లేదని కొందరు. 2022 జులైలో బీజీఎంఐ యాప్ స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో మళ్లీ వచ్చింది.

అంటే పదహారేళ్ల కుర్రాడికి కూడా అప్పుడే ఒక ‘మా రోజులు’ తయారైపోయింది. మీరిద్దరూ చెబుతున్నది ఒకే మాట. ఈ సంగతి గుర్తిస్తే ఇంట్లో సగం గొడవ చల్లారుతుంది.

అసలు తేడా ఇక్కడే

కానీ ఆరోగ్యం దగ్గరికొచ్చేసరికి మీ గేమ్‌కూ పిల్లల గేమ్‌కూ పెద్ద తేడా ఉంది. కాంట్రాలో ఎనిమిదో దశ దాటితే కథ అయిపోతుంది. ప్రాణాలు అయిపోయినా గేమ్ అయిపోతుంది. షాపులో గంట నిండితే లేవాల్సిందే. ఇంట్లో టీవీ ఒక్కటే, వార్తల సమయానికి అది నాన్నదే. ఇలా మిమ్మల్ని ఆపేవి చుట్టూ ఎన్నో ఉండేవి. అప్పటి పిల్లలకు నిగ్రహం ఎక్కువని కాదు, ఆపేవి అన్ని ఉన్నాయి.

ఇప్పటి గేమ్‌లకు ఆఖరి దశ లేదు. బీజీఎంఐలో ఒక పెద్ద మ్యాచ్ సుమారు అరగంట ఉంటుంది. అది ముగియగానే మరో మ్యాచ్ సిద్ధం. రోజూ గేమ్ తెరిస్తే బహుమతి, ఈ సీజన్‌లోనే దొరికే దుస్తులు, గడువు దాటితే పోయే పాయింట్లు... రేపు కూడా రమ్మని పిలిచేలా దాన్ని తయారుచేస్తారు. పైగా నలుగురు కలిసి జట్టుగా ఆడతారు. రాత్రి పదకొండుకు మిగతా ముగ్గురూ పిలుస్తుంటే పడుకుంటానని చెప్పడం పద్నాలుగేళ్ల పిల్లలకు తేలిక కాదు. ఆపే బాధ్యతంతా ఆ లేత మనసు మీదే పడుతోంది. దాన్ని ఇంట్లోవాళ్లు పంచుకోవాలి.

ఆడకపోయినా స్క్రీనే

చాలామంది తల్లిదండ్రులు ఆడిన గంటలే లెక్కపెడతారు. కొత్త గేమ్ రాగానే దాని మీద వచ్చే వీడియోలు చూడటం, ఇతరులు ఆడుతుంటే ప్రత్యక్ష ప్రసారం చూడటం, పాతది గొప్పా కొత్తది గొప్పా అని గ్రూపుల్లో వాదులాడటం... ఇదంతా స్క్రీన్ ముందు గడిపిన సమయమే. పడుకోబోయే ముందు ఇలాంటి వాదన పెట్టుకుంటే మనసు వేడెక్కి నిద్ర త్వరగా పట్టదు. పిల్లలకే కాదు, క్రికెట్ జట్టు గురించో సినిమా హీరో గురించో అర్ధరాత్రి వరకు టైప్ చేసే పెద్దలకూ ఇది వర్తిస్తుంది.

ఒంటిపై ప్రభావం

నిద్ర: 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు. నిద్ర తగ్గితే ఏకాగ్రత, మూడ్ దెబ్బతింటాయి.

కళ్లు: తెరను చూస్తూ రెప్ప వేయడం మర్చిపోతాం. దాంతో కళ్లు పొడిబారి మంట పుడతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమనండి. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుంది. మన దగ్గర మే నెల ఎండలో మధ్యాహ్నం బయటికి పంపలేం కాబట్టి ఉదయం, సాయంత్రం తప్పనిసరి చేయండి. చిర్రగోనె ఆడినా, సైకిల్ తొక్కినా సరే.

చేతులు, మెడ: బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి వస్తుంటే అది నరాల బలహీనత అనుకుని టానిక్‌లు తాగించొద్దు. ఒకే కదలికను పదేపదే చేయడం వల్ల అక్కడి స్నాయువులు వాచి ఉండొచ్చు. కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వండి. తగ్గకపోతే ఎముకల వైద్యుడికి చూపించండి. పడుకుని ఫోన్ చూసే అలవాటు మెడకు మంచిది కాదు.

కదలిక: 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వ్యసనం అని ఎప్పుడనాలి?

ఎక్కువగా ఆడే ప్రతి పిల్లాడూ రోగి కాదు. ‘గేమింగ్ డిజార్డర్’ను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. వైద్యులు ముఖ్యంగా మూడు విషయాలు చూస్తారు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చేతిలో లేకపోవడం. తిండి, చదువు, స్నేహితుల కన్నా గేమ్‌కే పెద్దపీట వేయడం. నష్టం కళ్లముందు కనిపిస్తున్నా కొనసాగించడం. దీనివల్ల రోజువారీ జీవితం గట్టిగా దెబ్బతినాలి, ఇలా సాధారణంగా ఏడాది పాటు సాగాలి. లక్షణాలు తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగనక్కర్లేదు.

సెలవుల్లో వారం రోజులు కొత్త గేమ్‌కు అతుక్కుపోయి, బడి తెరవగానే దారిలో పడితే కంగారు అక్కర్లేదు. బడికి వెళ్లనని మొండికేయడం, అబద్ధాలు, ఇంట్లో డబ్బులు తీయడం, ఫోన్ లేకపోతే వస్తువులు విసరడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ‘ఫోన్ ఇవ్వకపోతే చచ్చిపోతా’ అంటే బెదిరింపుగా కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యసాయం తీసుకోండి.

ఇంట్లో ఇలా చేయండి

- గంటల్లో కాకుండా మ్యాచ్‌ల్లో లెక్క పెట్టండి. ‘గంటే ఆడాలి’ అంటే మూడో మ్యాచ్ మధ్యలో గొడవ ఖాయం. ‘రెండు మ్యాచ్‌లు’ అంటే ఇద్దరికీ స్పష్టత ఉంటుంది.
- మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కోకండి. జట్టులోని స్నేహితుల ముందు మాట పడాల్సి వస్తుందనే పిల్లలకు అంత కోపం. మొదలవ్వకముందే ‘ఇదే ఆఖరిది’ అని చెప్పండి. ఆ మాట మీదే నిలబడండి.
- రాత్రి పడుకోవడానికి గంట ముందు అన్ని ఫోన్లూ హాల్లో ఒకచోట ఛార్జింగ్‌కు పెట్టండి. మీ ఫోన్ కూడా.
- 2023లో తిరిగొచ్చినప్పుడు బీజీఎంఐ 18 ఏళ్ల లోపు వారికి రోజుకు 3 గంటలు, మిగతావారికి 6 గంటల పరిమితి పెట్టింది. పిల్లలు గేమ్‌లో వయసు ఎంతని ఇచ్చారో ఒకసారి చూడండి. 3 గంటలు గేమ్ పెట్టిన గరిష్ఠ పరిమితి మాత్రమే, వైద్యుల సలహా కాదు.
- యూపీఐ పిన్, ఓటీపీ వచ్చే ఫోన్ పిల్లల చేతికి ఇవ్వకండి. గేమ్‌లో కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టండి.
- గేమ్ డబ్బాపైనో, యాప్ వివరాల్లోనో ఏ వయసువారికో రాసి ఉంటుంది. డౌన్‌లోడ్‌కు ముందే చదవండి.
- పాతది బాగుందా, కొత్తది బాగుందా, ఎందుకని పిల్లల్ని అడగండి. స్నేహితులతో కలిసి ఆడటం ఇష్టమా, గెలవడమా, కథా అన్నది ఆ జవాబులోనే తెలుస్తుంది. స్నేహితులే ముఖ్యమైతే సాయంత్రం వాళ్లను ఇంటికి పిలవొచ్చు. గెలుపే ముఖ్యమైతే కబడ్డీ, చదరంగం, షటిల్ ఉన్నాయి. బడిలో గెలుపు దొరకకే గేమ్‌లో వెతుక్కుంటుంటే అది మీకు తెలియాల్సిన సంగతి.

సాయం ఎక్కడ?

వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటికి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఫోన్, గేమ్‌ల వ్యసనానికి ప్రత్యేకంగా ‘షట్ క్లినిక్’ నడుస్తోంది. ఇంటి నుంచే మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలతో పాటు, వాళ్లతో ఎలా మాట్లాడాలో తోచని తల్లిదండ్రులూ ఫోన్ చేయొచ్చు.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు వారం రోజుల లెక్క రాసుకెళ్లండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎంతసేపు వీడియోలు చూశారు, ఏ పూట తిండి మానేశారు. ‘ఎప్పుడూ ఫోనే డాక్టర్‌గారూ’ అనే మాట కన్నా ఆ ఒక్క కాగితం వైద్యుడికి ఎక్కువ చెబుతుంది. ఆ లెక్క పిల్లల చేతే రాయించగలిగితే ఇంకా మంచిది.